కుండీలో పామ్ మొక్క: హైదరాబాద్ ఇళ్లలో మొవ్వునూ మొదలునూ కాపాడుకునే పద్ధతి

నర్సరీ నుంచి తెచ్చిన రోజు నిగనిగలాడిన అరెకా పామ్ రెండు నెలలు తిరిగేసరికి కొసలు మాడి, మట్టలు వాలి, పసుపెక్కుతుంది. నీళ్లు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా అన్నదే అందరి మొదటి ప్రశ్న. కానీ చాలా కుండీల్లో అసలు తప్పు నీళ్ల కొలతలో ఉండదు. వేళ్ల చుట్టూ ఉన్న మట్టిలో, ఆ మట్టిలో పేరుకున్న ఉప్పులో, తొందరపడి వేసిన కత్తెరలో ఉంటుంది.

మందార కొమ్మ కత్తిరిస్తే పక్క నుంచి నాలుగు చిగుళ్లు వస్తాయి. పామ్‌లో అది జరగదు. ఒక్కో కాండానికి పెరిగే చోటు ఒక్కటే, నడినెత్తిన ఉండే మొవ్వు. కొత్త వేళ్లన్నీ మొదలు నుంచే పుడతాయి. మొవ్వు చస్తే ఆ కాండం అయిపోయినట్టే. మొదలు కుళ్లితే కొత్త వేరు పుట్టదు. కింద చెప్పే ప్రతి పనీ ఈ రెండింటినీ కాపాడటానికే.

## 1. మీ ఇంటి వెలుతురుకు తగిన పామ్ ఎంచుకోండి

ముందు చోటు చూడండి, తర్వాతే మొక్క. మధ్యాహ్నం లైటు వేయకుండా ఆ చోట కూర్చుని పేపర్ హాయిగా చదవగలిగితే నీడ పామ్‌లకు ఆ వెలుతురు చాలు. చదవడం కష్టమైతే అక్కడ ఏ పామ్ పెట్టినా మెల్లగా చిక్కిపోతుంది.

ఇంట్లో కిటికీ పక్కన, తూర్పు లేదా ఉత్తరం బాల్కనీలో: రేపిస్ పామ్ అన్నిటికన్నా మొండిది. మెల్లగా పెరుగుతుంది, ధర ఎక్కువే అయినా ఏళ్ల తరబడి నిలుస్తుంది. చిన్న బల్ల మీదకు కమెడోరియా బాగుంటుంది. అరెకాకు ఈ రెండింటికన్నా ఎక్కువ వెలుతురు కావాలి. గది మూలన పెట్టిన అరెకాలు నిలవకపోవడానికి కారణం అదే.

ఉదయం ఎండ మూడు నాలుగు గంటలు పడే చోట: అరెకా, ఫిష్‌టెయిల్, మరుగుజ్జు ఖర్జూర జాతి అయిన ఫీనిక్స్ రోబెలినీ. ఫీనిక్స్ మట్ట కాండానికి అంటుకునే చోట సూదుల్లాంటి ముళ్లుంటాయి, పిల్లలు ఆడుకునే చోట పెట్టకండి. ఫిష్‌టెయిల్ కాయల రసం తగిలితే విపరీతమైన దురద. గెల కనిపించగానే చేతి తొడుగులు వేసుకుని తీసేయండి.

డాబా మీద పూర్తి ఎండలో: బాటిల్ పామ్, ఫాక్స్‌టెయిల్, చైనా ఫ్యాన్ పామ్. ఫాక్స్‌టెయిల్ కుండీలో నాలుగైదేళ్లే బాగుంటుంది, తర్వాత దానికి నేల కావాలి. రాయల్ పామ్‌ను కుండీలో పెట్టే ఆలోచనే వద్దు.

సైకస్‌ను చాలా నర్సరీల్లో సాగో పామ్ అని అమ్ముతారు. అది పామ్ కాదు. పైగా దాని గింజలు, ఆకులు కుక్కలకూ పిల్లులకూ ప్రాణాంతకమైన విషం. పెంపుడు జంతువులున్న ఇంట్లోకి తేకండి. అరెకా, రేపిస్, కమెడోరియాలతో ఆ భయం లేదు.

## 2. నర్సరీలో చూడాల్సినవి

మట్టల పచ్చదనం చూసి మోసపోవద్దు. మొక్కను కింది నుంచి పైకి చూడండి.

- కవరు అడుగు రంధ్రాల దగ్గర వేళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయా? నల్లగా మెత్తగా ఉంటే వదిలేయండి.
- మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా ఊపండి. కాండం మట్టిలో వదులుగా కదిలితే వేళ్లు లేనట్టే.
- ప్రతి కాండానికీ నడిమధ్య ఈటెలా నిలబడ్డ మొవ్వు ఉందా?
- మట్టల అడుగున, కాండం సందుల్లో తెల్లటి పిండి, గోధుమ రంగు పొలుసులు ఉన్నాయా?
- చీమలు ఎక్కుతున్నాయా? చీమలుంటే రసం పీల్చే పురుగు ఎక్కడో దాక్కుని ఉన్నట్టే.

అరెకా కాడలు బంగారు పసుపులో ఉండటం, వాటి మీద చిన్న నల్ల చుక్కలు ఉండటం జబ్బు కాదు. ఆ జాతి గుణమే అది. ఎండ తగిలేకొద్దీ కాడ ఇంకా పసుపవుతుంది.

## 3. మొదటి మూడు వారాలు కుండీ మార్చకండి

హైదరాబాద్ నర్సరీలకు వచ్చే మొక్కల్లో పెద్ద భాగం గోదావరి పక్కన కడియం ప్రాంతం నుంచి వస్తుంది. అక్కడి తేమగాలిలో, షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్క ఇక్కడి పొడిగాలికి వచ్చి పడుతుంది. తెచ్చిన రోజే కుండీ మార్చి, ఎరువు వేసి, ఎండలో పెడితే మూడు దెబ్బలు ఒకేసారి తగిలినట్టు.

మొదటి వారం మంచి నీడ. రెండో వారం నుంచి ఉదయం గంట సేపు లేత ఎండ, తర్వాత నాలుగైదు రోజులకోసారి అరగంట పెంచండి. ఒకటి రెండు కింది మట్టలు ఎండడం సహజం. ఈ మూడు వారాలూ ఎరువు పూర్తిగా బంద్. మిగతా మొక్కలకు దూరంగా పెట్టండి, పురుగుంటే ఈలోపే బయటపడుతుంది.

ఇక్కడి ఎండలో పెరిగిన మొక్కే అయినా ఇంటి లోపలికి మార్చేటప్పుడు ఇదే వరుసను వెనక్కి నడపాలి.

## 4. కుండీ

వేళ్ల ముద్ద కన్నా చుట్టూ రెండు అంగుళాలు పెద్దదైతే చాలు. పామ్‌కు కాస్త ఇరుకైనా ఫర్వాలేదు. చిన్న మొక్కకు పెద్ద కుండీ ఇస్తే వేళ్లు చేరని మట్టి రోజుల తరబడి తడిగా ఉండి పులుస్తుంది. నాలుగడుగుల అరెకాకు 14 అంగుళాల కుండీ సరిపోతుంది. వెడల్పు కన్నా లోతు ముఖ్యం.

అడుగున వేలు దూరేంత రంధ్రాలు కనీసం నాలుగు ఉండాలి. కుండీ కింద మూడు ఇటుక ముక్కలు పెట్టి నేల నుంచి ఎత్తండి. రంధ్రాలకు నైలాన్ దోమతెర ముక్క చాలు. అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా పోతాయని చాలామంది నమ్ముతారు, కానీ జరిగేది వేరు. సన్న మట్టి నుంచి రాళ్లలోకి నీళ్లు సులువుగా దిగవు, తడి పొర వేళ్ల దగ్గరికే జరుగుతుంది. ఆ చోటు కూడా మట్టికే ఇవ్వండి.

డాబా మీద మట్టి కుండీ ఏప్రిల్‌లో త్వరగా ఆరిపోతుంది, నల్ల ప్లాస్టిక్‌లో వేళ్లు ఉడుకుతాయి. లేత రంగు మందపాటి ప్లాస్టిక్ మేలు, లేదా కుండీ చుట్టూ తడి గోనెపట్టా చుట్టండి. కొత్త సిమెంటు కుండీ అయితే వారం పాటు నీళ్లు నింపి, రోజూ పారబోస్తూ సున్నం వదిలించాకే వాడండి. తడిసిన 14 అంగుళాల కుండీ 25 కిలోలు దాటుతుంది, బాల్కనీలో రెయిలింగ్ మీద కాకుండా గోడ వారగా పెట్టండి.

## 5. మట్టి మిశ్రమం: 14 అంగుళాల కుండీకి

ఈ కుండీకి సుమారు 25 లీటర్ల మిశ్రమం పడుతుంది. బరువుతో కాదు, లీటరు మగ్గుతో కొలవండి.

- ఎర్రమట్టి, జల్లించినది: 6 లీటర్లు
- ముతక రోబో శాండ్ (రాయిని పిండి చేసిన ఇసుక), పొడి జల్లించి తీసేసినది: 6 లీటర్లు
- కోకోపీట్ (కొబ్బరి పొట్టు), నానబెట్టి కడిగినది: 7 లీటర్లు
- వర్మీ కంపోస్ట్ లేదా బాగా మాగిన పశువుల ఎరువు: 3 లీటర్లు
- పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రేణువులు) లేదా కాల్చిన వరి ఊక: 3 లీటర్లు
- వేప పిండి: 100 గ్రాములు

రోబో శాండ్‌లో ఉండే సన్న రాతిపొడి సిమెంటులా పట్టేస్తుంది. దోమతెర మీద జల్లించి, పైన మిగిలిన ముతక రేణువులే తీసుకోండి. ఈ ఒక్క పని వదిలేసినందుకే చాలా మిశ్రమాలు ఆరు నెలల్లో గట్టిపడతాయి.

కోకోపీట్ దిమ్మెలో ఉప్పు ఉంటుంది. నానబెట్టి పిండిన నీళ్లు పారబోయండి. రెండుసార్లు చేస్తే మంచిది.

కలిపాక ఒక పరీక్ష. పిడికిట తడి మిశ్రమం తీసుకుని గట్టిగా నొక్కి వదిలి, వేలితో పొడవండి. విడిపోతే సరే. లడ్డూలా నిలిస్తే ఇంకో లీటరు ముతక ఇసుక కలపండి.

## 6. నాటడం

మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక, జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా మంచి సమయం. పామ్ వేళ్లు వెచ్చటి తడి మట్టిలోనే చురుగ్గా పుడతాయి. డిసెంబరు, జనవరిలో కుండీ మారిస్తే తిన్న దెబ్బ నుంచి తేరుకోదు. ఏప్రిల్, మేలో మారిస్తే తట్టుకోదు.

1. ముందు రోజు సాయంత్రం మొక్కకు నిండా నీళ్లు పోయండి.
2. కవరును బ్లేడుతో నిలువుగా కోసి తీయండి. కాండం పట్టి లాగకండి.
3. వేళ్ల ముద్ద చూడండి. మామూలు మట్టి అయితే అలాగే ఉంచండి. జిగురు బంకమట్టి అయితే నీళ్ల టబ్బులో 20 నిమిషాలు ఉంచి, పైపు నీళ్లతో బయటి అంగుళం మట్టి మాత్రం కరిగించండి. లోపలి దాన్ని విడగొట్టకండి.
4. కుళ్లిన నల్ల వేళ్లు మాత్రమే కత్తిరించండి. చుట్టలు తిరిగిన తెల్ల వేళ్లను కోయకండి.
5. అడుగున మిశ్రమం వేసి, మొక్కను పెట్టి, ఎత్తు సరిచూడండి. మట్టి అంచు కుండీ అంచుకు రెండు అంగుళాలు కిందుండాలి.
6. పక్కల నింపుతూ కర్రతో మెల్లగా కూరండి, గాలి ఖాళీలు మిగలకూడదు. కాలితో తొక్కొద్దు.
7. అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోసి, పది నిమిషాలాగి మళ్లీ పోయండి.

మూడో మెట్టు దగ్గర కాస్త ఆగాలి. బంకమట్టి ముద్దను అలాగే గుల్ల మిశ్రమంలో పెడితే పోసిన నీళ్లు పక్కనున్న గుల్ల మట్టిలోంచే జారిపోతాయి. అడుగు నుంచి కారుతుంటే తడిసిందనుకుంటాం, లోపలి ముద్ద మాత్రం రాయిలా ఎండి ఉంటుంది. వానాకాలంలో ఇది తిరగబడుతుంది, ముద్ద ఒకసారి తడిస్తే ఆరదు. అందుకే మొదటి రెండు నెలలు వేలితో తడి చూడాల్సింది కుండీ అంచున కాదు, మొదలు పక్కన.

ఎత్తు విషయంలో రాజీ పడొద్దు. కవరులో మట్టి ఎంతవరకు ఉందో కుండీలోనూ అంతవరకే. నిలబడటం లేదని మొదలును మట్టిలో పూడిస్తే వేళ్లకు గాలి అందదు. కొత్త మట్టలు పాలిపోతాయి, ఏడాదికి మొదలు కుళ్లుతుంది. ఊగుతుంటే రెండు కర్రలు పాతి కట్టండి.

నర్సరీలో ఒక్క కవరులోనే పది పదిహేను అరెకా నారు నాటి గుబురుగా కనిపించేలా చేస్తారు. వాటిని విడదీసి నాలుగు కుండీలు చేద్దామని చూస్తే వేళ్లు తెగి చాలావరకు చనిపోతాయి. గుబురును గుబురుగానే ఉంచండి.

## 7. నీళ్లు

వేలిని రెండు అంగుళాలు దించండి. పొడిగా తగిలితే పోయండి, తడి తగిలితే ఆగండి. పోసినప్పుడు అడుగు నుంచి కొంచెం బయటికి వచ్చేదాకా పోయాలి. రోజూ ఒక గ్లాసు చిలకరించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. పై పొర తడుస్తుంది, అడుగు వేళ్లు ఎండుతాయి, ఉప్పు ఎక్కడిదక్కడే పేరుకుంటుంది.

14 అంగుళాల కుండీకి ఒక్కసారికి 2 నుంచి 3 లీటర్లు. డాబా మీద ఏప్రిల్, మేలో రోజూ ఉదయం ఏడులోపు, నీడ బాల్కనీలో రెండు రోజులకోసారి అవసరమవుతుంది. చలికాలంలో నాలుగైదు రోజులకోసారి సరిపోతుంది. ఇవి అంచనాలే, తుది మాట వేలిదే. ప్లేటులో నిలిచిన నీళ్లు అరగంటలో పారబోయండి.

నీళ్లు మొదలు దగ్గర పోయండి, నెత్తిన కాదు. ముఖ్యంగా సాయంత్రం మొవ్వులో నీళ్లు నిలిస్తే కుళ్లు అక్కడే మొదలవుతుంది.

ఏ నీళ్లు? మంజీరా, కృష్ణా నల్లా నీళ్లు వస్తుంటే పామ్‌లకు అవే పోయండి. రోజు విడిచి రోజు వచ్చేచోట ఒక డ్రమ్ము మొక్కలకే కేటాయించండి. బోరు నీళ్లే దిక్కయితే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత, చూపించుకోండి. ఆర్ఓ ఫిల్టరు సర్వీసుకు వచ్చేవారి దగ్గర మీటరు ఉంటుంది. 500 లోపైతే నిశ్చింత. 1000 దాటితే నేరుగా పోయకుండా సగం నల్లా నీళ్లో, వాన నీళ్లో, ఏసీ నుంచి కారే నీళ్లో కలపండి. ఆర్ఓ ఫిల్టరు వదిలే వృథా నీళ్లలో ఉప్పు మరింత చిక్కగా ఉంటుంది. గిన్నెలకు, బాత్రూముకు వాడుకోండి, పామ్‌కు వద్దు.

ఉప్పు కడగడం: కుండీ అంచున తెల్లటి పూత కనిపిస్తే పై అంగుళం మట్టి తీసేసి కొత్తది వేయండి. తర్వాత కుండీ పట్టే దానికి రెండింతల మంచినీళ్లు, అంటే 40 నుంచి 50 లీటర్లు, మూడు విడతలుగా అరగంట తేడాతో పోయండి. బోరు నీళ్లు వాడేవారు రెండు నెలలకోసారి ఇది చేయాలి. బాల్కనీలో పోస్తే కింది ఫ్లాటు వాళ్ల బట్టల మీద పడుతుంది, కుండీని బాత్రూముకో డాబా మీదకో తీసుకెళ్లండి. జులైలో మంచి వాన పడుతుంటే కుండీని రెండు గంటలు బయట పెట్టినా ఈ పని జరుగుతుంది.

## 8. ఎండ, గాలి

మార్చి రెండో వారం నుంచి రోహిణి కార్తె ముగిసేదాకా అరెకా, రేపిస్, ఫిష్‌టెయిల్‌లకు 50 శాతం షేడ్‌నెట్ కావాలి. పడమర బాల్కనీలో మధ్యాహ్నం రెండు గంటల తర్వాతి ఎండ గోడకు తగిలి తిరిగి మొక్క మీద పడుతుంది. గోడకు అడుగు దూరం జరపండి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, బయట ఏసీ యూనిట్ వేడిగాలి తగిలే చోట పెట్టకండి.

ఇంట్లో ఉన్న కుండీని 15 రోజులకోసారి పావు వంతు తిప్పండి. ఆకుల మీద దుమ్మును తడిబట్టతో తుడవండి. మెరుపు కోసం నూనె, పాలు రాయొద్దు.

## 9. ఎరువు

పామ్‌కు నత్రజని, పొటాష్, మెగ్నీషియం ఎక్కువ కావాలి, భాస్వరం తక్కువ చాలు. అందుకే భాస్వరం ఎక్కువుండే డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ వాడొద్దు. సూపర్ ఫాస్ఫేట్‌లో ఫ్లోరైడ్ కూడా ఉంటుంది, కమెడోరియా కొసలు దానికి తేలికగా మాడతాయి.

పామ్‌ల కోసమే చేసిన, మెల్లగా కరిగే గుళికలు దొరికితే వాడండి. సంచి మీద నత్రజని, భాస్వరం, పొటాష్ అంకెలు 8-2-12 దగ్గరగా ఉండి, మెగ్నీషియం 4 శాతం ఉంటే సరైనది. దొరకకపోతే జూన్ నుంచి అక్టోబరు దాకా ఇలా చేయండి.

- రెండు నెలలకోసారి: వర్మీ కంపోస్ట్ రెండు గుప్పిళ్లు, వేప పిండి ఒక గుప్పెడు. మొదలుకు మూడు అంగుళాల దూరంలో వేసి, పై మట్టిలో కలపండి.
- నెల మొదట్లో: సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరుకు 2 గ్రాములు, కుండీకి లీటరు.
- నెల మధ్యలో: మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు, కుండీకి లీటరు.
- రెండు నెలలకోసారి: సూక్ష్మపోషకాల మిశ్రమం, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో సగం, ఆకుల మీద పిచికారీ.

పొటాష్ ఒక్కటే అదేపనిగా వేస్తే మొక్కకు మెగ్నీషియం అందదు, అందుకే రెండూ కలిసి నడవాలి. ఎండిన మట్టిలో ఎప్పుడూ ఎరువు వేయకండి. డిసెంబరు, జనవరిలో, మండే మే నెలలో పూర్తిగా ఆపండి.

## 10. ఆకు చూసి కారణం పట్టడం

మొదట అడగాల్సింది: తేడా పాత మట్టల్లోనా, కొత్త మట్టల్లోనా? పొటాష్, మెగ్నీషియం చాలనప్పుడు పామ్ పాత మట్టల నుంచి లాక్కుని కొత్తవాటికి పంపుతుంది. ఇనుము, మాంగనీసు అలా కదలవు. కాబట్టి వాటి లోటు కొత్త మట్టల్లో కనిపిస్తుంది.

పాత మట్టల మీద పసుపు, నారింజ చుక్కలు, కొసలు ఎండడం: పొటాష్ లోటు.

పాత మట్టల అంచులు వెడల్పుగా పసుపు, నడుమ పచ్చగా: మెగ్నీషియం లోటు.

కొత్త మట్ట పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా: ఇనుము అందడం లేదు. ఎరువు వేసే ముందు వేళ్లు చూడండి. లోతుగా నాటడం, నీళ్లు నిలవడం, సున్నపు బోరు నీళ్లు, ఈ మూడింటిలో ఒకటి ఉంటుంది. దాన్ని సరిచేశాకే చీలేటెడ్ ఐరన్ (మొక్క సులువుగా తీసుకునే రూపంలోని ఇనుము) ఇవ్వండి.

కొత్త మట్ట చిన్నదిగా, ముడతలు పడి, కాలినట్టు: మాంగనీసు లోటు. ఆలస్యం చేస్తే మొవ్వుకే ముప్పు. మాంగనీస్ సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు, 15 రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ.

అన్ని మట్టల కొసలూ గోధుమ రంగు, మిగతా ఆకు పచ్చగా: ఉప్పు లేదా పొడిగాలి. ఏడో భాగంలో చెప్పినట్టు కడగండి.

మట్టలన్నీ వాలి, మట్టి తడిగా ఉండి, పులిసిన వాసన: వేళ్లు కుళ్లుతున్నాయి. ఇంకా నీళ్లు పోస్తే చంపినట్టే. కుండీ నుంచి తీసి, మెత్తటి వేళ్లు కోసి, కొత్త మిశ్రమంలో వేళ్లకు సరిపోయే చిన్న కుండీకి మార్చండి.

మచ్చపడ్డ మట్ట మళ్లీ పచ్చబడదు. మందు పనిచేసిందో లేదో తర్వాత వచ్చే రెండు మట్టలు చెబుతాయి, అంటే రెండు మూడు నెలల ఓపిక కావాలి. ఈలోపు మందు మీద మందు మార్చడమే అసలు ప్రమాదం.

## 11. కత్తిరింపు

పూర్తిగా గోధుమ రంగుకు మారిన మట్టను మాత్రమే తీయండి. సగం పసుపు, సగం పచ్చ ఉన్న మట్ట చూడటానికి బాగోదు నిజమే. కానీ మొక్క దాని నుంచే పొటాష్ తీసుకుంటోంది. అది కోస్తే పైమట్ట పసుపెక్కుతుంది, అదీ కోస్తే ఆ పైది. చివరికి నాలుగు మట్టలే మిగిలిన పామ్‌లన్నీ ఇలా తయారైనవే.

మాడిన కొసలు కత్తిరించేటప్పుడు సన్నటి గోధుమ గీత మిగిలేలా కోయండి, పచ్చ భాగంలోకి కోస్తే మళ్లీ అక్కడి నుంచి మాడుతుంది. కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. ఎత్తు తగ్గించడానికి నెత్తి కోయడం అనేది పామ్‌లో లేదు.

## 12. పురుగులు

హైదరాబాద్ ఎండాకాలంలో మొదటి శత్రువు ఎర్రనల్లి. ఆకు వెలవెలబోయి సన్న చుక్కలు పడితే, తెల్ల కాగితం మీద మట్టను తట్టండి. రాలిన చుక్కలు కదిలితే అదే. మట్టల అడుగు భాగాన్ని పైపు నీళ్లతో గట్టిగా కడగండి, నాలుగు రోజులకోసారి మూడుసార్లు. ఉదయమే కడిగితే ఆకు ఆరిపోతుంది.

పిండినల్లి, పొలుసు పురుగులకు స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, సాయంత్రం వేపనూనె పిచికారీ చేయండి: లీటరుకు నూనె 5 మి.లీ., గిన్నెలు కడిగే సబ్బు ద్రవం 1 మి.లీ. వారానికోసారి, మూడు వారాలు. ఎండలో నూనె కొడితే ఆకు కాలుతుంది. చీమల దారి కూడా ఆపండి, లేకపోతే పురుగు తిరిగి వస్తుంది.

## 13. మొవ్వు ఊడి చేతికొస్తే

వానాకాలంలో నడిమి మట్ట గోధుమ రంగుకు తిరిగి, లాగితే ఊడివచ్చి, అడుగున కుళ్లు వాసన వేస్తే మొవ్వుకుళ్లు. ఆ రోజే పని మొదలుపెట్టండి.

1. కుండీని వాన తగలని, గాలి ఆడే చోటుకు మార్చండి.
2. ఊడిన భాగం తీసేసి, మెత్తబడినదాన్ని శుభ్రమైన కత్తితో గట్టి తెల్లటి భాగం దాకా తొలగించండి.
3. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి, చేతి తొడుగులతో, మొవ్వు తడిసేలా పోయండి. పది రోజుల తర్వాత మళ్లీ ఒకసారి.
4. పైనుంచి నీళ్లు, ఎరువు రెండూ ఆపండి. మొదలు దగ్గర అవసరమైనంతే నీళ్లు.

అరెకా, రేపిస్ లాంటి గుబురు పామ్ అయితే కుళ్లిన కాండాన్ని మొదలు దాకా కోసేయండి, మిగతావి బతుకుతాయి. ఒంటి కాండం బాటిల్ పామ్, ఫాక్స్‌టెయిల్ అయితే మిగిలిన పచ్చ మట్టలను ముట్టుకోకుండా మూడు నెలలు చూడండి. కొన్నిసార్లు పక్కకు వంగిన, ముడతల మట్ట ఒకటి తోసుకుని వస్తుంది. అది వచ్చిందంటే లోపల ప్రాణం ఉన్నట్టే, తర్వాతి మట్టలు నెమ్మదిగా సరిగ్గా వస్తాయి. మూడు నెలలు దాటినా ఏమీ రాకపోతే మొక్కను తీసేసి, ఆ మట్టిని వేరే పామ్‌కు వాడకుండా, కుండీని బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి.